రెక్టిఫైర్ మార్చినా మార్చినా ఎందుకు పోయింది: నాలుగు రకాలు వాడి చూశాక నా అభిప్రాయం

నేను గోపాలమిత్రను. మధిర, ఎర్రుపాలెం వైపు ఊళ్ళలో ఆవులకు, గేదెలకు ఎద సూదులు (కృత్రిమ గర్భధారణ) వేస్తాను. బండి వెనక వీర్యం నిలవ ఉంచే నైట్రోజన్ క్యాన్ కట్టుకుని తిరగడమే నా పని. బండి 2018లో కొన్న 150 సీసీ, కార్బురేటర్ మోడల్. కంపెనీ పేరు రాయడం లేదు. నాతో పనిచేసేవాళ్ళ బండ్లు వేరే వేరే కంపెనీలవి, వాటిలో చాలావాటికి ఇదే గొడవ వచ్చింది.

ఈ రివ్యూ రెక్టిఫైర్ గురించి. సైడ్ ప్యానెల్ లోపల అరచేతిలో సగం ఉండే అల్యూమినియం డబ్బా, దానికి రేకులు, వెనక నల్లటి లక్క లాంటి పదార్థం, వైర్లు కలిపే ఒక కప్లర్. ఇంజిన్‌లో మ్యాగ్నెట్ దగ్గరుండే కాయిల్ ప్లేట్ ఏసీ కరెంటు తయారుచేస్తుంది. దాన్ని డీసీగా మార్చి బ్యాటరీకి ఎంత కావాలో అంతే పంపడం ఈ డబ్బా పని. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ కాయిల్ నుంచి వచ్చే వోల్టేజీ పెరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ దగ్గర మాత్రం అది 14, 14.5 వోల్టులు దాటకూడదు. మన దగ్గర అమ్మే బండ్లలో చాలావాటికి ఉండేది షంట్ రకం. బ్యాటరీకి సరిపోగానే మిగిలిన కరెంటును ఇది కాయిల్‌కే షార్ట్ చేసి తిప్పి పంపేస్తుంది. చెరువు నిండాక అలుగు పారినట్టు. ఆ అలుగు పారేదంతా వేడే. అందుకే ఆ డబ్బాకు రేకులు పెడతారు, అందుకే అది పోయే వస్తువు.

నాకు దీనివల్ల ఎంత ఇబ్బందో చెప్పాలి. లేకపోతే ఇంత చిన్న వస్తువు గురించి ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. గేదె ఎద ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున బయటపడుతుంది. పొద్దున లక్షణాలు కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది పడాలి. ఆ పూట తప్పితే మళ్ళీ ఎదకు 21 రోజులు ఆగాలి. అన్ని రోజులూ రైతు ఒట్టి గొడ్డును మేపాలి, ఈత వెనక్కి పోతుంది, పాలు వెనక్కి పోతాయి. లక్షణాలు పైకి కనిపించని మూగెద వచ్చే గేదెలయితే ఒకసారి కనిపెట్టడమే కష్టం. అలాంటిది బండి సెల్ఫ్ కొట్టక, కిక్కు అందుకోక, నేను క్యాన్ పట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఆ రైతుకు ఏం చెప్పాలి? రెక్టిఫైర్ పోయిందని చెబితే ఆయనకేం ఒరుగుతుంది?

బండితో వచ్చిన కంపెనీ రెక్టిఫైర్ ఐదేళ్ళ దాకా బాగానే చేసింది. ఒక వేసవిలో పోయింది. ఖమ్మం జిల్లా ఎండలు తెలిసిందే. పోవడం కూడా చెడ్డగా పోయింది. వోల్టేజీని ఆపడం మానేసింది. హెడ్‌లైట్ బల్బు మాడింది, మార్చాను, మళ్ళీ మాడింది. బ్యాటరీ పక్కలు ఉబ్బి, సీటు తీస్తే యాసిడ్ వాసన వచ్చింది. బ్యాటరీకి ఇంకా వారంటీ ఉందని తీసుకెళ్తే, ఓవర్‌చార్జింగ్ వల్ల పోయినదానికి వర్తించదన్నారు. కార్డు మీద కూడా అలాగే ఉంది. అంటే రెక్టిఫైర్ పోతే దాని ధర ఒక్కటే కాదు, బ్యాటరీ, బల్బులు, ఒక్కోసారి బండి స్పీడోమీటరు కూడా కలిపి లెక్కేసుకోవాలి.

మొదట వేయించింది తెల్ల అట్టపెట్టెలో వచ్చే రకం. పేరు లేదు, పెట్టె మీద బండి మోడళ్ళ పేర్లు వరసగా రాసి ఉంటాయి. రూ.380. మా ఊరి మెకానిక్ దగ్గర అప్పటికప్పుడు దొరికింది ఇదొక్కటే. పాతదాని పక్కన పెట్టి చూస్తే సైజు అదే, చేతిలో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. తేలిక. రేకులు పల్చన. నెల నిండకముందే వెనక ఉన్న లక్క కరిగి, కిందికి జారి, ఫ్రేమ్ మీద గడ్డకట్టింది. ఈసారి చార్జింగ్ పూర్తిగా ఆగిపోయింది. దీనికి నా మార్కులు సున్నా. అత్యవసరమైతే ఇల్లు చేరడానికి వాడండి, అంతకు మించి నమ్మొద్దు.

రెండోది ఖమ్మంలో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కొన్నాను. పేరున్న పార్టుల కంపెనీదే, ప్యాకింగ్ బాగుంది, సుమారు రూ.700. బరువు ఉంది, వైర్లు కాస్త లావుగా ఉన్నాయి. ఇది వానాకాలం దాటింది, చలికాలంలో బ్యాటరీ మెల్లగా దిగిపోవడం మొదలైంది. పొద్దున్నే హారన్ పీలగా మోగేది, సెల్ఫ్ నొక్కితే టక్‌టక్ మని రిలే చప్పుడు వచ్చేది తప్ప ఇంజిన్ తిరిగేది కాదు.

దుకాణానికి తిరిగి తీసుకెళ్తే "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి గ్యారంటీ లేదు అన్నా, బోర్డు చూడలేదా?" అన్నారు. బోర్డు ఉంది నిజమే. కానీ బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం మారదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని చెప్పడం కూడా అంతే. నా పార్టు 30 రోజులు దాటింది కాబట్టి ఆ మాట మీద గట్టిగా నిలబడలేకపోయాను. కానీ పెట్టె మీద ఆరు నెలల వారంటీ అని తయారీదారే ముద్రించాడు, బిల్లు నా దగ్గర ఉంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తానని చెప్పాక, పార్టు ఉంచి వెళ్ళమన్నారు, కొన్ని వారాలకు కొత్తది ఇచ్చారు. మర్యాదగానే ఇచ్చారు, అది కూడా చెప్పాలి. మీరు ఏ పార్టు కొన్నా పెట్టె పారేయకండి, బిల్లు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అచ్చు కొన్నాళ్ళకే చెరిగిపోతుంది.

ఆ కొన్ని వారాలూ బండి లేకుండా కుదరదు కదా. షోరూమ్‌కు వెళ్ళి జెన్యూన్ పార్టే వేయించాను. రూ.1,400 పైన, లేబర్ వేరే. ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించిన అనుభవం, ఎందుకంటే దీనిమీదే ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాను. పార్టు నాణ్యతకు వంక పెట్టను. వేసిన తీరే బాధ. పాతది ఊడదీశారు, కొత్తది బిగించారు, కప్లర్ గుచ్చారు, ఇంజిన్ స్టార్ట్ చేశారు, బిల్లు ఇచ్చారు. వోల్టులు కొలిచే మీటర్ పెట్టి చూడమని అడిగితే "అవసరం లేదు సార్, కొత్త పార్టే కదా" అన్నారు. అదీ మళ్ళీ వేసవి వచ్చేసరికి పోయింది. ఈసారి "బ్యాటరీ వీక్ సార్" అన్నారు. బ్యాటరీ అప్పటికి కొత్తదే.

అప్పుడు విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. మధిర నుంచి రైలెక్కితే దూరం కాదు, కానీ బండి చూపించాలి కాబట్టి చార్జింగ్ పెట్టిన బ్యాటరీతో, దారిలో ఎక్కడా ఆపకుండా, బండి మీదే పోయాను. అక్కడ ఆటో ఎలక్ట్రికల్ పని చేసే ఒక పెద్దాయన ఉన్నారు. లారీల ఆల్టర్నేటర్లు, స్టార్టర్ మోటార్లు ఆయన అసలు పని. బైకులు తక్కువ చూస్తారు. మా బంధువు లారీ మీద పనిచేస్తాడు, అతను చెబితే వెళ్ళాను. చిన్న రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. ఈ రివ్యూలో నేను నిండు మార్కులు ఇచ్చేది ఆయన పనికే.

"బాబాయ్ గారూ, మంచి రెక్టిఫైర్ ఉంటే వేసేయండి" అన్నాను.

"ఎన్ని వేశావయ్యా ఇప్పటిదాకా?" అన్నారు. చెప్పాను.

"అన్నిట్లోనూ లోపం ఉంటుందా? ముందు మీటర్ పెట్టనీ. పార్టు సంగతి తర్వాత."

ఆయన చేసిన పరీక్షలు ఇక్కడ రాస్తాను. మల్టీమీటర్ ఐదారు వందలకు దొరుకుతుంది, ఎవరైనా చేసుకోవచ్చు.

మొదట రెక్టిఫైర్ కప్లర్ తీసి, కాయిల్ ప్లేట్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లను జతలు జతలుగా చూశారు. మూడు జతల్లోనూ ఓమ్ (రెసిస్టెన్స్) ఒకేలా రావాలి, చాలా బండ్లలో అది ఒక ఓమ్ లోపే ఉంటుంది. ఏ వైరూ ఇంజిన్ బాడీకి తగలకూడదు. తర్వాత ఇంజిన్ నడుపుతూ అవే జతల్లో ఏసీ వోల్టేజీ. రేజ్ చేస్తే మూడూ సమానంగా పెరగాలి. నా కాయిల్ ఈ రెండింట్లోనూ పాసయింది. ఈ రీడింగులు సమానంగా రాకపోతే రెక్టిఫైర్ ఎంత మంచిది వేసినా డబ్బు దండగ.

తర్వాత తన దగ్గరున్న ఒక పాత రెక్టిఫైర్ తాత్కాలికంగా తగిలించి, ఇంజిన్‌ను సుమారు 4,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచమన్నారు. బ్యాటరీ మీద 13.1 వచ్చింది. "తక్కువుంది కదా" అన్నాను. మాట్లాడకుండా మీటరు ముళ్ళు రెండూ తీసి రెక్టిఫైర్ కప్లర్ వెనక గుచ్చారు. అక్కడ 14.5 ఉంది. అంటే రెక్టిఫైర్ ఇవ్వాల్సింది ఇస్తోంది, 1.4 వోల్టులు దారిలో పోతున్నాయి. ఎక్కడ పోతున్నాయో కూడా పట్టుకున్నారు. ఒక ముల్లు రెక్టిఫైర్ ఎర్త్ వైరు మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ మీద పెడితే 0.6. ఇది 0.2 లోపు ఉండాలి. పాజిటివ్ దారిలో అలాగే చూస్తే 0.8. అది ఫ్యూజ్ హోల్డర్‌లో కొంత, కప్లర్‌లో కొంత.

కప్లర్‌ను టార్చ్ వేసి చూపించారు. ఒక పసుపు వైరు దగ్గర తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారి, లోపలి రేకు నల్లబడి, వదులుగా ఊగుతోంది. ఇన్నిసార్లు కొత్త పార్టులు ఆ కప్లర్‌లోనే గుచ్చారు. కంపెనీ రెక్టిఫైర్ పోయినప్పుడే అది కాలి ఉండాలని ఆయన అభిప్రాయం. మూడు వైర్లలో ఒకటి సరిగ్గా అందకపోతే మిగతా రెండు దారులు మొత్తం లోడు మోస్తాయి, అక్కడి డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే ముక్కలు) త్వరగా పోతాయి. పైగా వదులు కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. గతుకుల రోడ్డు మీద అది అతుక్కుంటూ విడిపోతూ ఉంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగురుతుంది. లోపలి సెమీకండక్టర్లు దానికి తట్టుకోవు. బ్యాటరీ టెర్మినల్ బోల్టు వదులైనా ఇదే ప్రమాదం. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ ఊడితే రెక్టిఫైర్ ఒక్క క్షణంలో పోవచ్చు.

క్యాన్ స్టాండ్ ఎక్కడ వెల్డింగ్ చేయించావని కూడా అడిగారు. బ్యాటరీ వైర్లు, రెక్టిఫైర్ కప్లర్ తీయించాకే చేయించానని చెప్పాను. తీయకుండా వెల్డింగ్ పెడితే ఆ కరెంటు ఫ్రేమ్ గుండా వచ్చి రెక్టిఫైర్‌ను తినేస్తుందట. పాలక్యాన్ల స్టాండు, గ్యాస్ సిలిండర్ల స్టాండు వేయించుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

నా దగ్గర సంచిలో ఉన్న తెల్లపెట్టె రెక్టిఫైర్‌ను ఆయన స్క్రూడ్రైవర్‌తో తవ్వి చూపించారు. లోపల డయోడ్లున్న ప్లేటు అల్యూమినియం బాడీకి సరిగ్గా ఆనలేదు, మధ్యలో లక్కే ఉంది. వేడి రేకుల దాకా రాకపోతే రేకులు ఎన్నుండి ఏం లాభం? కాబట్టి ఆ పార్టుది తప్పే. మిగతా రెండింటిని మాత్రం నేను ఇప్పుడు తప్పు పట్టను. కాలిన కప్లర్‌కు తగిలిస్తే ఏ కంపెనీది నిలుస్తుంది?

ఇక నాలుగోది. మాస్‌ఫెట్ రకం వేసుకోమన్నారు. మాస్‌ఫెట్ అంటే కరెంటును తెరిచి మూసే ఒక రకం ఎలక్ట్రానిక్ స్విచ్. మామూలు వాటిలో ఆ పనికి థైరిస్టర్లు ఉంటాయి, కరెంటు పారేటప్పుడు వాటిలో ఒక వోల్టుకు అటూ ఇటూ పడిపోయి అదంతా వేడి అవుతుంది. మాస్‌ఫెట్‌లో ఆ నష్టం చాలా తక్కువ, అందుకే చల్లగా నడుస్తుంది. ఇదీ షంట్ రకమే, అలుగు పారడం ఆగదు, కాకపోతే వేడి తగ్గుతుంది. దానికి రూ.1,900 అయింది. పాతదానికంటే సైజు పెద్దది, అసలు చోట పట్టలేదు. పట్టినా అక్కడ పెట్టనన్నారు. సైడ్ ప్యానెల్ లోపల గాలి ఆడదు. ఫ్రేమ్‌కు ఎడమవైపు గాలి తగిలే చోట చిన్న ఇనుప పట్టీ బిగించి దానికి పెట్టారు. కాలిన కప్లర్ కోసేసి, కొత్త ఇత్తడి టెర్మినళ్ళు నొక్కి, సోల్డరింగ్ చేసి, పైన స్లీవ్ వేసి వేడితో బిగించారు. రెక్టిఫైర్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు నేరుగా ఒక లావు వైరు, పాజిటివ్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజ్‌తో ఇంకో వైరు. పాత వైరింగ్‌ను నమ్ముకోలేదు.

పని మొత్తానికి ఆయన తీసుకున్నది రూ.600. మధ్యాహ్నం దాకా కూర్చుని చేశారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం చూడటానికి, ఆలోచించడానికి ఇచ్చినట్టే. నాకది చాలా న్యాయంగా అనిపించింది.

బిగించాక బ్యాటరీ మీద 14.2. హెడ్‌లైట్, ఇండికేటర్లు, బ్రేకు లైటు అన్నీ వేసి చూసినా 14 కంటే దిగలేదు. ఎర్త్ దారిలో నష్టం దాదాపు సున్నా. ఎండాకాలం మధ్యాహ్నం ఊళ్ళు తిరిగొచ్చి చెయ్యి పెడితే రెక్టిఫైర్ వేడిగా ఉంటుంది, కానీ చెయ్యి ఉంచగలుగుతున్నాను. పాతవాటి మీద వేలు కూడా ఆనించలేకపోయేవాణ్ణి. ఒక వేసవి పూర్తిగా గడిచింది, తర్వాత వానలూ గడిచాయి, బ్యాటరీ నీరసపడలేదు.

మాస్‌ఫెట్ కొనేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. కప్లర్ చూడటానికి ఒకేలా ఉన్నా లోపల పిన్నుల వరస మోడల్‌కూ మోడల్‌కూ మారుతుంది. వైరు రంగులు చూసి, మీటరుతో సరిచూసుకోకుండా గుచ్చితే కొత్తది వెంటనే కాలిపోతుంది. ఇంకోటి, పాత 100 సీసీ బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ నేరుగా ఏసీ మీద వెలుగుతుంది. రేజ్ చేస్తే లైటు పెరిగేది అందుకే. వాటి రెక్టిఫైర్ వేరు, మూడు పసుపు వైర్ల రకం వాటికి సరిపోదు.

హెడ్‌లైట్ గురించి కూడా చెప్పాలి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హెడ్‌లైట్ ఆపే స్విచ్ లేదు, ఇంజిన్ నడిచినంతసేపూ లైటు వెలుగుతుంది. బ్యాటరీ మీద భారం తగ్గిద్దామని చాలామంది 35 వాట్ల బల్బు తీసి చిన్న ఎల్‌ఈడీ పెడుతున్నారు. షంట్ రెక్టిఫైర్ ఉన్న బండిలో లోడు తగ్గితే ఆ మిగిలిన కరెంటు కూడా రెక్టిఫైర్ మీదే పడుతుంది, అది ఇంకా వేడెక్కుతుంది. నేను పాత బల్బే ఉంచాను. ఎల్‌ఈడీ కావాలనుకునేవాళ్ళు రెక్టిఫైర్‌కు గాలి తగిలే చోటు ముందు చూసుకోండి. 2020 తర్వాతి బీఎస్6 బండ్లయితే మరీ జాగ్రత్త. పెట్రోల్ పంపు, ఇంజెక్టర్, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) అన్నీ ఆ 12 వోల్టుల మీదే ఆధారపడతాయి. నా బండి బ్యాటరీ నీరసపడితే ఒక్కోసారి తోసి అయినా స్టార్ట్ చేయవచ్చు, వాటిలో చాలావాటికి అదీ కుదరదు.

బాబాయ్ గారు మూత తీసి చూసినప్పుడు కాయిల్ ప్లేట్‌లో రెండు చుట్లు నల్లబడి కనిపించాయి. రీడింగ్ బాగుంది కాబట్టి ఇప్పుడే ముట్టుకోవద్దన్నారు. రాగి తీగతో మళ్ళీ చుట్టించడానికి రూ.800 దాకా అవుతుందట. చలికాలంలో గేదెలు ఎక్కువగా ఎదకొస్తాయి, అప్పుడు బండి ఒక్కరోజు ఆగినా కష్టమే. అందుకే దసరాకు ముందే ఆటోనగర్ వెళ్ళి ఆ పని కూడా చేయించేస్తాను.